సీసీ లిమిట్‌లోంచి మెషీన్ కొనవచ్చా? బాలానగర్‌లో నా అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లో షీట్ మెటల్ ఫ్యాబ్రికేషన్ యూనిట్ నడుపుతున్నానని, ఏడాది టర్నోవర్ కోటిన్నర అని, ఒక పెద్ద కంపెనీ నుంచి నెలకు 10 లక్షల రూపాయల కొత్త ఆర్డర్ వచ్చిందని, దానికోసం 18 లక్షల ప్రెస్ బ్రేక్, అంటే రేకును వంచే మెషీన్, కొనాలని మీరు రాశారు. 25 లక్షల సీసీ (క్యాష్ క్రెడిట్, అంటే రోజువారీ వ్యాపార ఖర్చులకు బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు) లిమిట్‌లో 20 లక్షలు ఖాళీగా ఉంది కనుక అందులోంచే కొనేయవచ్చా, లేక డబ్బు పెట్టే భాగస్వామిని చేర్చుకోవాలా అన్నది మీ ప్రశ్న. సీసీలోంచి మాత్రం కొనవద్దని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే 2016లో నేను సరిగ్గా ఆ పనే చేశాను.

హైదరాబాద్ బాలానగర్‌లో నాకు చిన్న మెషీనింగ్ షాపు ఉంది. 2009లో ఒక పాత లేత్‌తో మొదలుపెట్టాను. అప్పటి పెట్టుబడి అంతా ఇంట్లోదే: మా ఆవిడ నగలు తాకట్టు పెట్టగా వచ్చింది కొంత, 5 లక్షల చిట్టీని పాటలో లక్షా పాతిక వేలు వదులుకుని ఎత్తుకున్నది కొంత. ఆ చిట్టీకి ష్యూరిటీ సంతకాలు పెట్టిన మా బావగారికి, ఇద్దరు స్నేహితులకు ఈనాటికీ నేను రుణపడి ఉన్నాను. తరువాతి ఏడేళ్లు వచ్చిన లాభాన్ని మళ్లీ షాపులోనే పెడుతూ, బ్యాంకులో 30 లక్షల సీసీ వరకు పెరిగాను. 2016లో ఒక కంపెనీ పెద్ద ఆర్డర్ ఇస్తూ వెంటనే మొదలుపెట్టమని తొందరపెట్టింది. మెషీన్ కోసం పెట్టిన టర్మ్ లోన్ (ఏళ్ల మీద వాయిదాల్లో తీర్చే అప్పు) ఫైలు రెండు నెలలుగా కదలడం లేదు. ఓపిక పట్టలేక 22 లక్షలు సీసీ ఖాతాలోంచే మెషీన్ అమ్మకందారుకు పంపించాను.

మెషీన్ బాగానే నడిచింది, రెండు షిఫ్టుల పని ఉంది, ప్రతి బిల్లులోనూ లాభం కనబడుతూనే ఉంది. నాలుగో నెలలో ఒక శనివారం ఇనుప కడ్డీల లోడు మా గేటు దాకా వచ్చింది. హమాలీలు తాళ్లు విప్పుతుండగా, పాత బిల్లు ముట్టలేదని వ్యాపారి డ్రైవరుకు ఫోన్ చేసి ఆపించాడు. బండి అలాగే వెనక్కు తిరిగింది. 22 లక్షల మెషీన్ ముందు మా ఆపరేటర్ చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు, ఆ సాయంత్రం అతనికి ఇవ్వవలసిన జీతం కూడా నా దగ్గర లేదు.

సీసీ లిమిట్ 30 లక్షలు అని కాగితం మీద ఉన్నంత మాత్రాన ఎప్పుడూ 30 లక్షలు వాడుకునే హక్కు ఉండదు. నెలనెలా మనం ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో ఉన్న సరుకు, రావలసిన బిల్లుల విలువలోంచి మార్జిన్, అంటే మనం పెట్టుకోవలసిన వంతు, తీసేసి బ్యాంకు డ్రాయింగ్ పవర్ కడుతుంది, అంటే అప్పటికి నిజంగా ఎంత వాడుకోవచ్చో లెక్క వేస్తుంది. నా బ్యాంకు 90 రోజులు దాటిన బిల్లులను ఆ లెక్కలోంచి తీసేసేది. మా కొనుగోలుదారు చెల్లింపును 130 రోజుల దాకా సాగదీయడంతో నా డ్రాయింగ్ పవర్ 19 లక్షలకు పడిపోయింది. ఖాతాలో అప్పటికే 29 లక్షలు వాడి ఉన్నాను. ఖాతా అలా 90 రోజులు సరికాకుండా ఉంటే ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, ఆ తరువాత మరే బ్యాంకూ దగ్గరకు రానివ్వదు. ఆ భయంతో బయట రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, 6 లక్షలు తెచ్చాను. చివరకు ఇంటి కోసం కొనుక్కున్న స్థలం అమ్మితేగానీ ఆ గోతిలోంచి బయటపడలేదు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. నెలకు 10 లక్షల సరుకు పంపడానికి షీటు, కూలి, కరెంటు కలిపి 8.5 లక్షలు ఖర్చవుతుందని అనుకుందాం. షీటు కొన్న రోజు నుంచి సరుకు పంపే దాకా 25 రోజులు, పంపాక డబ్బు రావడానికి 75 రోజులు పడితే మొత్తం 100 రోజులు. అంటే మొదటి రూపాయి తిరిగి రాకముందే మీ డబ్బు దాదాపు 28 లక్షలు ఆ ఆర్డర్‌లో ఇరుక్కుని ఉంటుంది. దీనికి తోడు జీఎస్టీ బిల్లు వేసిన మరుసటి నెలలోనే కట్టాలి, కొనుగోలుదారు డబ్బిచ్చేదాకా ఆ గడువు ఆగదు. కాబట్టి మీరు ఖాళీగా ఉందనుకుంటున్న 20 లక్షలు ఈ ఆర్డర్‌కే చాలవు. అందులోంచి 18 లక్షలు మెషీన్‌కు తీస్తే మిగిలేది రెండు లక్షలు.

మెషీన్ ఏళ్ల తరబడి సంపాదించి పెట్టే వస్తువు కనుక దాని అప్పు కూడా ఏళ్ల మీద తీరాలి. టర్మ్ లోన్‌కే వెళ్లండి, నాలుగో వంతు వరకు మీ చేతి డబ్బు పెట్టవలసి రావచ్చు. తాకట్టుకు ఆస్తి లేకపోతే సీజీటీఎంఎస్ఈ (చిన్న సంస్థల అప్పులకు బ్యాంకుకు హామీ ఉండే ప్రభుత్వ ట్రస్టు) గ్యారంటీ కింద ఇమ్మని బ్యాంకును అడగండి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ పథకం పరిమితి 10 కోట్లకు పెరిగింది. అయితే ఆ గ్యారంటీ రక్షించేది బ్యాంకును. మనం కట్టకపోతే అప్పు మాఫీ అవుతుందని మా వాడలో చాలామంది నమ్ముతారు, అది నిజం కాదు, గ్యారంటీ ఫీజు భారం కూడా సాధారణంగా మన మీదే పడుతుంది.

సీసీ లిమిట్‌ను ఇప్పుడే పెంచమనడం దీనికంటే ముఖ్యం. చిన్న యూనిట్లకు 5 కోట్ల లిమిట్ వరకు రిజర్వు బ్యాంకు వేసిన నాయక్ కమిటీ చెప్పిన పద్ధతిని బ్యాంకులు పాటిస్తాయి. రాబోయే ఏడాది టర్నోవర్ అంచనాలో 25 శాతాన్ని వర్కింగ్ క్యాపిటల్ అవసరంగా తీసుకుని, అందులో టర్నోవర్‌లో 20 శాతానికి సమానమైన మొత్తం బ్యాంకు ఇస్తుంది, మిగతా 5 శాతం మనం పెట్టుకోవాలి. కొత్త ఆర్డర్‌తో మీ టర్నోవర్ 2.7 కోట్లవుతుంది కాబట్టి 54 లక్షల లిమిట్ అడగవచ్చు, మీ వంతు 13.5 లక్షలు. ఆర్డర్ కాపీ, జీఎస్టీ రిటర్నులు వెంట తీసుకెళ్లండి. ఈ 25 శాతం లెక్క వెనుక డబ్బు మూడు నెలలకోసారి తిరిగి వస్తుందన్న ఊహ ఉంది. మీ కొనుగోలుదారు నాలుగు నెలలు ఆపితే ఆ తేడాను ఏ బ్యాంకూ పూడ్చదు.

బకాయిల విషయంలో చట్టం మన పక్షానే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలి, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలి. ఫిర్యాదు చేస్తే ఆర్డర్ పోతుందన్న భయంతో నేను ఏనాడూ చేయలేదు, అది నిజాయితీగా ఒప్పుకుంటున్నాను. కొనుగోలుదారు 45 రోజులు దాటి ఆపిన మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపనివ్వని ఆదాయపు పన్ను నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక, మార్చి నెలలో కొనుగోలుదారుల అకౌంట్స్ విభాగం వాళ్లే ఫోన్ చేసి నా ఉద్యమ్ నంబరు (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదైన నంబరు) అడుగుతున్నారు. ప్రతి బిల్లు మీదా ఆ నంబరు అచ్చు వేయించండి.

నాకు నిజంగా ఊపిరి ఆడింది మాత్రం ట్రెడ్స్ వల్ల, అంటే చిన్న సంస్థల బిల్లుల మీద బ్యాంకులు ముందే డబ్బిచ్చే ఆన్‌లైన్ వేదిక వల్ల. ఒక ప్రభుత్వ రంగ సంస్థకు సరుకు పంపుతాను. బిల్లును వాళ్లు ఆ వేదిక మీద ఆమోదించగానే బ్యాంకులు వేలంలో రేటు చెబుతాయి, నచ్చినది ఒప్పుకుంటే ఒకటి రెండు రోజుల్లో డబ్బు ఖాతాలో పడుతుంది. వడ్డీ రేటు కొనుగోలుదారు పరపతిని బట్టి ఉంటుంది కనుక నా సీసీ కంటే తక్కువకే దొరికింది. తరువాత వాళ్లు కట్టకపోయినా బ్యాంకు నన్ను అడగదు. 250 కోట్లకు పైగా టర్నోవర్ ఉన్న కంపెనీలు అందులో నమోదు కావాలని నియమం ఉంది, అయితే నమోదైనంత మాత్రాన బిల్లులు ఆమోదిస్తారన్న హామీ లేదు.

భాగస్వామి సంగతి అంటారా, ఒక్క మెషీన్ కోసం ఎప్పటికీ లాభంలో వాటా ఇవ్వడం ఈ దశలో మీకు ఖరీదైన బేరమని నా అభిప్రాయం. మీ వంతు మార్జిన్ డబ్బు సమకూరకపోతే దగ్గరి బంధువు నుంచి గడువు రాసుకుని అప్పుగా తీసుకోండి.

వీటన్నిటికంటే ముందు, ఆర్డర్ ఇచ్చిన కంపెనీకి ఇప్పటికే సరుకు పంపుతున్న ఇద్దరు ముగ్గురిని ఆటోనగర్‌లోనే వెతికి పట్టుకుని, వాళ్ల ఆఖరి అయిదు బిల్లుల తేదీలు, డబ్బు ఖాతాలో పడిన తేదీలు అడిగి రాసుకోండి. ఆ కంపెనీ పర్చేజ్ విభాగాన్ని, ట్రెడ్స్‌లో బిల్లు ఆమోదిస్తారా అని అడగండి. ఆ రోజుల సంఖ్య చేతికొచ్చాక ఇక్కడ రాస్తే, మీకు ఎంత లిమిట్ కావాలో నేను కూర్చుని లెక్క కట్టి చెబుతాను.