విద్యుత్ ధరల విచారణలో మాట్లాడబోయే మేనకోడలికి

అంబాజీపేట

చిరంజీవి సౌజన్యకు మామయ్య ఆశీస్సులు.

ఈసారి విద్యుత్ నియంత్రణ మండలి ముందు మీ ఆకివీడు వైపు రొయ్యల చెరువుల రైతుల తరఫున నువ్వే మాట్లాడాలని అందరూ పట్టుబట్టారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పట్టుబట్టినవాళ్లలో సగం మంది ఆ రోజు కనబడరు, ఆ సంగతి ముందే తెలిసి ఉంటే నీకు మంచిది. ఈ విచారణలకు ఏళ్ల తరబడి వెళ్తున్నవాణ్ని కనుక, అక్కడ ఏ మాట నిలబడుతుందో, ఏది గాలికి పోతుందో నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

2003 నాటి విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, డిస్కం, అంటే విద్యుత్ పంపిణీ సంస్థ, వేసిన ధరల ప్రతిపాదన మీద ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించిన తరువాతే మండలి 120 రోజుల్లోగా ఉత్తర్వు ఇవ్వాలి. కొత్త ధరలు ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలి కాబట్టి ప్రతిపాదనలు నవంబరు ఆఖరుకు దాఖలవుతాయి. ఆ తరువాత పత్రికల్లో ప్రకటన వస్తుంది. గడువు తేదీ, పంపే పద్ధతి, ఎక్కడి నుంచి మాట్లాడవచ్చు అన్న వివరాలన్నీ అందులోనే ఉంటాయి కనుక దాన్ని కత్తిరించి దాచుకో. అభ్యంతరం రాతలో ఉండాలి, కింద పూర్తి పేరు, చిరునామా, సంతకం, స్వయంగా వినిపించదలచుకున్నాను అన్న వాక్యం ఉండాలి, ఒక ప్రతి మండలి కార్యదర్శికి, మరొకటి డిస్కంకు వెళ్లాలి. ఇంగ్లీషులో రాయాలేమోనన్న బెంగ పెట్టుకోకు.

అసలు పట్టు వేరే చోట ఉంది. మండలి ఇచ్చిన పాత ధరల (టారిఫ్) ఉత్తర్వు ఒకటి తెరిచి చూడు. ప్రతి అభ్యంతరం కింద మూడు ముక్కలు కనబడతాయి: అభ్యంతరం చెప్పినవారి మాట, దానికి డిస్కం జవాబు, చివర మండలి అభిప్రాయం. నువ్వు రాసే ప్రతి వాక్యమూ ఆ మూడో ముక్కలో ఏం రాబట్టాలన్న దృష్టితోనే రాయాలి. "ఆక్వా రైతు చితికిపోతున్నాడు, ఆదుకోండి" అని రాస్తే, అది ప్రభుత్వ పరిధిలోని విషయమని ఒక్క వాక్యంతో ముగిస్తారు, అందులో వాళ్లను తప్పుపట్టడానికీ లేదు. ఆక్వా జోన్ లోపలి అర్హులకు యూనిట్ 1.50 రూపాయలకే వస్తోందంటే అది ప్రభుత్వ రాయితీ వల్ల వస్తోంది గాని డిస్కం దయ వల్ల కాదు. అయితే 65వ సెక్షన్ ప్రకారం ఆ రాయితీ సొమ్మును ప్రభుత్వం ముందుగానే చెల్లించాలి. కాబట్టి, గత ఏడాది ఆక్వా రాయితీ కింద రావలసినది ఎంత, వచ్చినది ఎంత, ఏ నెలలో వచ్చింది అని అడుగు. ఈ ప్రశ్నకు అంకెలతో తప్ప జవాబు చెప్పడం కుదరదు.

ఇక మీ చెరువుల సంగతి. ఈ మధ్య సౌర విద్యుత్ గురించి మాట్లాడేవాళ్లందరూ "పగలు వాడండి, చవక" అంటారు. ఆ మాటకు ఆధారం ఉంది. 2023లో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఎండ ఉన్న వేళల్లో ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలి, గిరాకీ ఎక్కువగా ఉండే వేళల్లో పరిశ్రమలకు, వ్యాపారాలకు కనీసం 20 శాతం, మిగిలినవారికి కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలి. వ్యవసాయానికి మినహాయింపు ఉంది. రైసు మిల్లు తన పనిని పగటికి జరుపుకోగలదు, ఐసు ఫ్యాక్టరీ కూడా కొంతవరకు జరుపుకోగలదు. రొయ్యల చెరువుకు అది కుదరదు. పగలు నీటిలోని నాచు ప్రాణవాయువును ఇస్తుంది, చీకటి పడ్డాక అదే నాచు రొయ్యతో పాటు తానూ దాన్ని తీసుకుంటుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు డీఓ, అంటే నీటిలో కరిగిన ప్రాణవాయువు, పడిపోయి రొయ్య గట్టు వారకు తేలి వస్తుందని నీకు నేను చెప్పనక్కరలేదు గాని, మండలి ముందు మాత్రం ఇది చెప్పితీరాలి, ఎందుకంటే ఆ బల్ల అవతల కూర్చున్నవాళ్లు చెరువు గట్టు మీద ఒక రాత్రి గడిపి ఉంటారని అనుకోవడానికి వీల్లేదు. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఏ వేళల్లో తప్పనిసరిగా తిరగాలో చెప్పి, వేళను బట్టి ధర వేసే పద్ధతిలో చెరువులను వ్యవసాయంతో కలుపుతారా, మిగతావారితో కలుపుతారా అన్నది ఉత్తర్వులోనే స్పష్టం చేయాలని కోరు. నీ వినతి మొత్తంలో ఇదే ముఖ్యం.

దీనికి డిస్కం ఏమంటుందో కూడా ఊహించుకుని వెళ్లు. రాత్రి కరెంటు బొగ్గు కేంద్రాల నుంచి, బయటి మార్కెట్ నుంచి ఎక్కువ ధరకు కొంటున్నామని అంటారు. అది అబద్ధం కాదు, కాబట్టి ఎదురుతిరిగి వాదించకు. గట్ల మీద, షెడ్ల మీద సౌర పలకలు పెట్టుకుని పగలు లైనులోకి ఇచ్చి రాత్రి తీసుకునే నెట్ మీటరింగ్‌ను ఆక్వా కనెక్షన్లకు ఏ షరతుల మీద ఇస్తారో రాతపూర్వకంగా చెప్పమను. ఇంటి పైకప్పుల కోసం 2024లో వచ్చిన సూర్యఘర్ పథకాన్ని, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీని ఎవరో ఒకరు నీ ముందుకు తెస్తారు. అది ఇళ్లకు సంబంధించినది, చెరువులకు కాదని మర్యాదగా చెప్పి ముందుకు వెళ్లు.

ధర కంటే నాణ్యత మీద అడిగినవాళ్లకే ఎక్కువ ఫలితం దక్కడం నేను చూశాను. ఎల్టీ (తక్కువ వోల్టేజి) లైనులో 415 వోల్టులకు అటూ ఇటూ 6 శాతం దాటకూడదన్నది ప్రమాణం, అంటే 390కి దిగువన ఉంటే లోపం వాళ్లదే. మీ ప్యానెల్ బోర్డు పక్కన ఒక నోటు పుస్తకం వేలాడదీయించు. కాపలా కుర్రాడి చేత రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు గంటలకు మీటరులో వోల్టేజి చూసి రాయించు, కరెంటు పోయిన వేళా వచ్చిన వేళా కూడా రాయించు. పై పేజీలో ఫీడరు పేరు, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం, దాని మీద ఉన్న కనెక్షన్ల సంఖ్య ఉండాలి. మోటారు వైండింగ్ కాలిపోతే మెకానిక్ బిల్లు అదే పేజీకి పిన్ను చెయ్యి. నెల రోజుల రాత ఉంటే దాన్ని తోసిపుచ్చడం ఎవరికైనా కష్టం. సేవా ప్రమాణాలు తప్పితే పరిహారం చెల్లించాలని 57వ సెక్షన్ చెబుతోంది, ఆ సెక్షన్ సంఖ్య వేసి మరీ రాయి.

మన ప్రాంతం వాళ్లు అక్కడ తప్పకుండా ఎత్తే మాట గ్యాసు. మన నేల కింది గ్యాసు తీసుకుపోతున్నారు, 1995లో పాశర్లపూడి గ్యాసు బావి మంటలను మనం భరించాం, 2014లో నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి ప్రాణాలు పోయాయి, ఇక్కడ కట్టిన గ్యాసు విద్యుత్ కేంద్రాలేమో గ్యాసు లేక ఖాళీగా కూర్చున్నాయి అంటారు. అన్నీ నిజాలే. పాశర్లపూడి ఈ ఊరికి ఎంత దూరమని? ఆ బాధ మీద నాకూ గౌరవం ఉంది. అయినా ధరల విచారణలో దానికి చోటు లేదు. గ్యాసు ఉత్పత్తి కోసం తవ్వే కొత్త బావుల వంటివాటికి 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద కాలుష్య నియంత్రణ మండలి జరిపే ప్రజాభిప్రాయ సేకరణ వేరు. అక్కడ కలెక్టరు గాని ఆయన తరఫు అధికారి గాని కూర్చుంటారు, చెప్పిన అంశాలు స్థానిక భాషలో రాసి చివర చదివి వినిపించాలి. ఆ మాటలు అక్కడికి దాచుకో. సముద్రం ముందుకొస్తున్న అంతర్వేది, ఉప్పాడల సంగతీ అంతే. వాతావరణ మార్పు పట్నం వాళ్ల గోల అనే మనవాళ్లతో నేను ఏకీభవించను గాని, నీకిచ్చే అయిదారు నిమిషాల్లో ప్రపంచాన్ని సర్దలేవు. దాళ్వా (రబీ వరి) రైతులు ఎవరైనా సీలేరు నీటి విడుదల గురించి మాట్లాడితే మాత్రం వాళ్లను అడ్డుకోకు. అక్కడి విద్యుత్ కేంద్రాలు నడిచినప్పుడు వదిలే నీరు రబీలో ధవళేశ్వరానికి దిగుతుంది, కాబట్టి అది ధరల విచారణకు చుట్టమే.

మాట్లాడేటప్పుడు ఏ పార్టీ పేరూ ఎత్తకు, ఏ ఇంజనీరు పేరూ ఎత్తకు. కాగితంలో ఉన్నదంతా చదవకుండా రెండు ప్రశ్నలే గట్టిగా అడిగి, నోటు పుస్తకం జిరాక్సును అక్కడికక్కడే దాఖలు చేసి కూర్చో. ముందు వరసలో మీ వాళ్లు చప్పట్లు కొడితే వద్దని సైగ చెయ్యి.

మార్చి ఆఖరుకు ఉత్తర్వు వస్తుంది. అందులో నీ పేరు వెతుక్కుని మురిసిపోవడం కంటే ముందు మూడో ముక్క చదువు. డిస్కంకు ఆదేశం ఏదైనా ఇచ్చి ఉంటే ఆ పేరా సంఖ్య వేసి, ఎంతవరకు అమలు చేశారని జూన్‌లో డిస్కం సర్కిల్ ఎస్ఈకి (సూపరింటెండింగ్ ఇంజనీరుకు) ఉత్తరం పెట్టు. "పరిశీలిస్తాం" అని మాత్రమే ఉంటే నవంబరు దాకా నోటు పుస్తకం ఆపకు. బావగారికి నా నమస్కారాలు చెప్పు. నీ ముసాయిదా సంక్రాంతికి ముందే పంపితే దిద్ది ఇస్తాను.

మీ మామయ్య