నలభై దాటాక యంగ్ అడల్ట్ నవలలు చదవొచ్చా?

"యంగ్ అడల్ట్ నవలలు టీనేజీ పిల్లల కోసం రాసినవి కదా, పెద్దవాళ్ళకి నచ్చుతాయా?" అని అడిగారు. నాకైతే నచ్చింది, అదీ రెండో ప్రయత్నంలో.

మా అమ్మాయి చదివి సోఫాలో పడేసిన 'ది బుక్ థీఫ్' తీసి చూశాను. మార్కస్ జూసాక్ రాసింది, 2005లో వచ్చింది. నాజీల కాలపు జర్మనీ, లీజెల్ అనే పిల్ల, ఆమెను పెంచుకునే దంపతులు. కథ చెప్పేది మృత్యువు. మధ్యమధ్యలో నోటీసు అంటించినట్టు బోల్డ్ అక్షరాల్లో చిన్నచిన్న ప్రకటనలు. ముప్ఫై పేజీలకే విసుగొచ్చి, వేషాలు ఎక్కువ, విషయం తక్కువ అనుకుని మూసేశాను.

కొన్ని నెలల తర్వాత నిద్ర పట్టని ఓ రాత్రి మళ్ళీ తెరిచాను. ఈసారి పెంపుడు తండ్రి హాన్స్ దగ్గర చిక్కుకుపోయాను. తమ్ముడి చావు కళ్ళారా చూసిన పిల్ల, రోజూ పీడకలలతో లేచి ఏడుస్తుంది. తమ్ముణ్ణి పూడ్చిన చోట మంచులో దొరికిన పుస్తకమొకటి ఆమె దగ్గరుంటుంది గానీ, చదవడం రాదు. తీరా చూస్తే అది సమాధులు తవ్వేవాళ్ళకి పని నేర్పే పుస్తకం! హాన్స్‌కి చదువు అంతంతమాత్రం. ఇళ్ళకి రంగులు వేసే మనిషి. జేబులోంచి గరుకు కాగితం తీసి, దాని వెనకవైపు అక్షరాలు రాసి చూపిస్తాడు. తర్వాత నేలమాళిగ గోడే పలక అవుతుంది. మా అమ్మాయికి అక్షరాలు నేర్పేటప్పుడు నేనెంత విసుక్కున్నానో గుర్తొచ్చి, ఆ పేజీలు రెండుసార్లు చదివాను. పదిహేనేళ్ళప్పుడు చదివుంటే లీజెల్ వెంటే పోయేవాణ్ణి, హాన్స్ నా కంట్లో పడేవాడే కాదు.

ఇంకో సంగతి. లీజెల్ స్నేహితుడు రూడీ చనిపోతాడని సగం కథలోనే మృత్యువు చెప్పేస్తుంది, కాబట్టి నేను చెప్పినా సస్పెన్స్ పాడుచేసినట్టు కాదు. మొదట కోపమొచ్చింది. కానీ ఆ తర్వాత వాడు చేసే ప్రతి అల్లరి పనీ, ముద్దు ఇవ్వమని లీజెల్‌ని బతిమాలే ప్రతిసారీ, వేరేగా కనబడింది. ఏం జరుగుతుందో అన్న టెన్షన్ పోయింది, ఇంకా ఎన్ని పేజీలు ఉంటాడో అన్న బెంగ పట్టుకుంది. మామూలుగా గబగబా చదివే నేను రోజుకి పది పేజీలు దాటనివ్వలేదు.

అసలు ఈ వయసు లేబుల్‌ని అంతగా పట్టించుకోకండి. ఇదే నవలని ఆస్ట్రేలియాలో పెద్దవాళ్ళ పుస్తకంగా వేశారు, అమెరికాలో యంగ్ అడల్ట్ కింద అమ్మారు.

అన్నీ ఇలాగే ఉంటాయనీ కాదు. ఒకమ్మాయి, ఇద్దరబ్బాయిలు, ఎవరిని ఎంచుకోవాలా అని మూడు భాగాలు సాగే సిరీస్ ఒకటి రెండో భాగంలోనే వదిలేశాను. అంత లావు పుస్తకం వద్దనుకుంటే ఎస్.ఇ. హింటన్ 'ది అవుట్‌సైడర్స్' తీసుకోండి. 1967లో అది అచ్చయ్యేనాటికి ఆమెకి పద్ధెనిమిదేళ్ళు. పిల్లల కోపాన్ని ఆ వయసు మనిషే రాయడం వల్లనేమో, ఎక్కడా నీతులు తగలవు.

'బుక్ థీఫ్' అయితే మాత్రం మొదటి యాభై పేజీలు ఓపిక పట్టండి. చివరి యాభై బస్సులో చదవకండి. నేను చదివాను, పక్క సీటావిడ మంచినీళ్ళ సీసా అందించింది.