బంతి తేలుతున్నట్టు ఉంటే గ్రావిటీ కంటే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: విజువల్ పిన్‌బాల్ 10లో (కంప్యూటర్‌లో పిన్‌బాల్ మెషీన్లని ఆడించే ప్రోగ్రామ్) బంతి బెలూన్‌లా తేలుతున్నట్టుంది, ఫ్లిప్పర్ (బంతిని కొట్టే చిన్న రెక్క) నొక్కినా బంతి అందకుండా పోతోంది, గ్రావిటీ ఎంత పెట్టాలి, గ్రాఫిక్స్‌లో ఏం తగ్గించాలి?

సరిగ్గా ఈ రెండింటితోనే నేను దాదాపు రెండు నెలలు కుస్తీ పట్టాను. చివరికి తేలిందేమిటంటే ఇవి రెండు వేర్వేరు సమస్యలు. బంతి తేలడం ఫిజిక్స్ వైపుది. ఫ్లిప్పర్‌కి అందకపోవడం చాలాసార్లు స్క్రీన్ వైపుది. నేను రెండూ ఒకటే అనుకుని నేరుగా గ్రావిటీ పెంచేశాను. దాంతో బంతి ర్యాంప్ పైదాకా ఎక్కడం మానేసింది. ఎక్కట్లేదని ఫ్లిప్పర్ బలం పెంచాను, అప్పుడు బంతి ర్యాంప్ అంచు దాటి ఎగిరిపోవడం మొదలైంది. దాన్ని ఆపడానికి రబ్బర్ల ఎలాస్టిసిటీ (తగిలిన బంతిని వెనక్కి ఎగరగొట్టే గుణం) తగ్గించాను. వారం తిరిగేసరికి ఆ టేబుల్ (ఒక్కో మెషీన్‌కి కూర్చిన ఆట ఫైల్) తయారు చేసినవాళ్లు ఎంతో శ్రద్ధగా కూర్చిన ఆట ఆనవాలు కూడా మిగల్లేదు. అసలు కారణం నేను వాడుతున్న టీవీ. దానిలో కదలికల్ని నునుపు చేసే ఫీచర్ ఆన్‌లో ఉండి ప్రతి ఫ్రేమ్‌నీ పట్టి ఉంచి ఆలస్యంగా చూపిస్తోంది. గేమ్ మోడ్ పెట్టగానే సగం బాధ పోయింది.

అందుకే ముందు ఆలస్యం సంగతి తేల్చుకోండి. 60 హెర్ట్జ్ స్క్రీన్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చేది) మీద ఒక్కో ఫ్రేమ్ సుమారు 16.7 మిల్లీసెకన్లు. బంతి సెకనుకు 2 మీటర్ల వేగంతో వస్తోందనుకోండి, ఒక్క ఫ్రేమ్‌లోనే 33 మిల్లీమీటర్లు కదులుతుంది. అసలు పిన్‌బాల్ బంతి వ్యాసమే 27 మిల్లీమీటర్లు. మూడు ఫ్రేములు ఆలస్యమైతే 10 సెంటీమీటర్లు, అంటే ఫ్లిప్పర్ పొడవుకంటే ఎక్కువ. విజువల్ పిన్‌బాల్ బంతి కదలికని సెకనుకు 1000 సార్లు లెక్కవేస్తుంది, స్క్రీన్ ఎంత మెల్లగా ఉన్నా ఆ లెక్క ఆగదు. మీరు చూస్తున్న బంతి ఒక చోట, ఆటలో ఉన్న బంతి ఇంకో చోట అన్నమాట. అలాంటప్పుడు ఫిజిక్స్‌లో ఏ అంకె మార్చినా లాభం ఉండదు.

ఆట మధ్యలో ఎఫ్11 నొక్కితే ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు గీస్తోందో) కనిపిస్తుంది. ఒక్క బంతి ఉన్నప్పుడు కాదు, మల్టీబాల్ నడుస్తూ లైట్లన్నీ వెలుగుతున్నప్పుడు చూడండి. అప్పుడు కూడా మీ స్క్రీన్ రిఫ్రెష్ రేట్ కంటే కిందికి పడకూడదు. పడుతుంటే నేను ముందు తీసేసేవి స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్లు (మెరిసే చోట్ల ప్రతిబింబాలు), యాంబియంట్ ఆక్లూజన్ (మూలల్లో మెత్తటి నీడలు). తర్వాత సూపర్ శాంప్లింగ్ (బొమ్మని పెద్దగా గీసి కుదించి చూపడం). అడ్డంగా, నిలువుగా రెండింతలు చేస్తే గ్రాఫిక్స్ కార్డు గీయాల్సిన పిక్సెళ్లు నాలుగింతలు అవుతాయి, కంటికి దక్కేది మాత్రం చాలా తక్కువ. దాని బదులు ఎఫ్ఎక్స్ఏఏ (అంచుల గరుకు తగ్గించే తేలికపాటి పద్ధతి) సరిపోతుంది. ముందుగా సిద్ధం చేసే ఫ్రేముల సంఖ్యని 1కి దించండి. వీసింక్ (ఫ్రేముల్ని స్క్రీన్ రిఫ్రెష్‌తో జతకట్టే సెట్టింగ్) చిత్రం చిరగకుండా చూస్తుంది కానీ ఆలస్యం పెంచుతుంది. మీ స్క్రీన్ వేరియబుల్ రిఫ్రెష్ రేట్‌ని (ఫ్రేములు వచ్చే వేగాన్ని బట్టి తన రేటు మార్చుకోవడం) సపోర్ట్ చేస్తే వీసింక్ ఆపేసి, ఫ్రేమ్ రేట్‌ని స్క్రీన్ గరిష్ఠానికి కొంచెం కింద పరిమితం చేయండి. నేను 144 హెర్ట్జ్ స్క్రీన్ మీద 138కి పరిమితం చేశాను.

ఒకటి మాత్రం తీసేయకండి, బంతి నీడ. బంతి నేల మీద ఉందా, గాల్లో ఉందా అన్నది కంటికి తెలిసేది ఆ నీడ వల్లే. బంతి వెనక తోకలా వచ్చే బాల్ ట్రెయిల్‌ని మాత్రం నేను ఎప్పుడూ ఆపేస్తాను, బంతి అంచు ఎక్కడుందో అది చెరిపేస్తుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా బంతి తేలుతుంటే అప్పుడు ఫిజిక్స్. ఇక్కడ కూడా గ్రావిటీ కాదు, స్లోప్ (టేబుల్ వాలు) చూడండి. నిజమైన మెషీన్లని సాధారణంగా 6.5 డిగ్రీల వాలులో నిలబెడతారు. మీ టేబుల్ 5 డిగ్రీలు ఉంటే, దాన్ని 6.5 చేయగానే బంతిని కిందికి లాగే బలం దాదాపు 30 శాతం పెరుగుతుంది. ఒకటిన్నర డిగ్రీలకే అంత తేడా, కాబట్టి పావు డిగ్రీ చొప్పున కదపండి. ఇంకో సంగతి, సెట్టింగ్స్‌లో కనిష్ఠ స్లోప్, గరిష్ఠ స్లోప్ అని రెండు ఉంటాయి. డిఫికల్టీని బట్టి ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒక విలువని ఆట తీసుకుంటుంది. ఒక్కటే మార్చి “ఏమీ తేడా లేదే” అని నేను చాలా రోజులు తికమకపడ్డాను. రెండింటిలోనూ ఒకే అంకె పెట్టుకుంటే ఏం జరుగుతోందో స్పష్టంగా తెలుస్తుంది.

పాత టేబుల్స్‌లో కొలతలే తప్పుగా ఉండొచ్చు. విజువల్ పిన్‌బాల్‌లో 50 యూనిట్లంటే ఒక బంతి వ్యాసం. ఆ లెక్కన 20.25 అంగుళాల వెడల్పున్న మామూలు మెషీన్ సుమారు 953 యూనిట్లు ఉండాలి. అంతకంటే బాగా వెడల్పుగా గీసి ఉంటే బంతి ఎక్కువ దూరం దొర్లాలి, అందుకే మెల్లగా పోతున్నట్టు ఉంటుంది. అది సెట్టింగ్స్‌తో పోయేది కాదు, ఆ టేబుల్‌కి కొత్త వెర్షన్ వెతకడమే మేలు.

ఫ్రిక్షన్ (రాపిడి) మరీ తక్కువైతే బంతి దొర్లదు, మంచు మీద జారినట్టు పోతుంది. నేను 0.2 దగ్గర మొదలుపెట్టి అక్కడక్కడే తిరుగుతాను. ఎలాస్టిసిటీ పక్కన ఉండే ఫాలాఫ్‌ని చాలామంది పట్టించుకోరు, రబ్బరు రబ్బరులా అనిపించేది మాత్రం దానివల్లే. వేగంగా తగిలిన బంతి, మెల్లగా తగిలిన బంతి ఒకే నిష్పత్తిలో వెనక్కి రాకూడదు. వేగం పెరిగేకొద్దీ ఎగురు తగ్గాలి. ఫాలాఫ్ సున్నా ఉంటే గట్టిగా తగిలిన ప్రతి బంతీ పిచ్చిగా ఎగురుతుంది.

ఫ్లిప్పర్ బలం మెషీన్ కాలాన్ని బట్టి ఉండాలి. 1970ల చివరి నుంచి 1980ల నడిమి దాకా వచ్చిన మెషీన్లకి 1400 నుంచి 1600, 1980ల నడిమి నుంచి 1990ల మొదటిదాకా వచ్చిన వాటికి 2000 నుంచి 2600, 1990ల నడిమి నుంచి ఇప్పటిదాకా వచ్చిన వాటికి 3200 ప్రాంతం అని టేబుల్స్ తయారుచేసేవాళ్లు వాడే లెక్క ఒకటుంది. నాకు అది బాగా పనికొచ్చింది. అయితే స్క్రిప్ట్‌లోనే ఫ్లిప్పర్ ప్రవర్తన రాసి ఉన్న కొత్త టేబుల్స్‌లో దీన్ని ముట్టుకోకండి. ముఖ్యంగా ఎన్‌ఫోజీ ఫిజిక్స్ (బంతి, ఫ్లిప్పర్లు నిజమైన మెషీన్‌లా ప్రవర్తించేలా స్క్రిప్ట్‌తో చేసే పద్ధతి) అని రాసి ఉంటే వదిలేయండి. దానిలో అన్ని విలువలూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి.

మార్చింది పనిచేసిందో లేదో పాయింట్లు చూసి చెప్పలేం. నేను మూడు పరీక్షలు పెట్టుకున్నాను. ఫ్లిప్పర్ ఎత్తి బంతిని పట్టుకుని, వదిలి, అదే ర్యాంప్‌కి పదిసార్లు కొడతాను, ఎన్నిసార్లు ఎక్కిందో రాసుకుంటాను. తర్వాత ఫ్లిప్పర్ ఎత్తకుండా ఊరుకుంటే బంతి దాని మీద తగిలి రెండో ఫ్లిప్పర్‌కి హాయిగా దూకుతుందా అని చూస్తాను. నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పేది ఈ డెడ్ బౌన్సే. మూడోది, బంతి తగిలే క్షణానికి ఫ్లిప్పర్ సరిగ్గా పైకి చేరేలా నొక్కి దాన్ని అక్కడే ఆపడం. ఈ మూడోది పదిలో ఒక్కసారి కూడా కుదరకపోతే ఫిజిక్స్ వదిలి మళ్లీ ఆలస్యం సంగతి చూస్తాను.

ఒక్కసారికి ఒక్క అంకె, అది కూడా టేబుల్ ఫైల్ కాపీలోనే మార్చండి. మీ స్క్రీన్ ఎన్ని హెర్ట్జో, ఆడుతున్న టేబుల్ ఏ కాలం నాటి మెషీన్‌దో చెబితే ఎక్కడ మొదలుపెట్టాలో ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.