‘వేశారు’, ‘వేసింది’: అభ్యర్థులకు రెండు మర్యాదలా?

సందేహం: ఒకే ఎన్నికల వార్తలో పురుష అభ్యర్థి ‘నామినేషన్ వేశారు’, ఆయన ప్రత్యర్థి అయిన మహిళ ‘నామినేషన్ వేసింది’ అని చదివాను. ఈ తేడా వ్యాకరణానిదా, రాసినవారిదా? మహిళా అభ్యర్థుల విషయంలో ఇంకే మాటలు గమనించాలి?

సమాధానం: తేడా రాసినవారిదే. కాకపోతే అందుకు సందు ఇచ్చింది వ్యాకరణం.

తమిళంలో ‘వందాళ్’, కన్నడంలో ‘బందళు’ అన్నట్టు స్త్రీకి విడిగా క్రియారూపం తెలుగులో లేదు. ‘ఆమె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’: రెంటికీ ‘-ది’యే. ‘వచ్చాడు’ లాంటి ‘-డు’ క్రియ తీసుకునే వర్గాన్ని వ్యాకరణంలో మహత్తులంటారు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మహత్తులంటే ‘స్త్రీ తిర్యగ్జడ భిన్నంబులు’. అంటే స్త్రీలు, జంతువులు, జడాలు కానివి. బహువచనంలో మాత్రం స్త్రీలు పురుషులతో కలుస్తారు: ‘వారు వచ్చారు’. ఆ బహువచనాన్నే మర్యాద కోసం ఒక్కరికీ వాడతాం కాబట్టి ‘-రు’ చేరగానే ఆడా మగా తేడా చెరిగిపోతుంది.

‘-ది’ తనంతట తాను తిట్టు కాదు. ‘అమ్మ చెప్పింది’ అంటే ఎవరూ నొచ్చుకోరు. చూడాల్సింది జోడీ. ‘వేశాడు’కు జోడీ ‘వేసింది’, ‘వేశారు’కు జోడీ ‘వేశారు’. వార్త రాశాక ఇద్దరి పేర్లూ తారుమారు చేసి చదవండి. ‘ఆయన వేశాడు’ అనడానికి మనసొప్పకపోతే ‘ఆమె వేసింది’ కూడా తీసేయాలి. ‘ఆమె అన్నారు’ అని సరిగానే మొదలుపెట్టి, కోపమో కన్నీళ్లో వచ్చేసరికి ‘మండిపడింది’, ‘కంటతడి పెట్టింది’ అని జారిపోవడం కూడా ఉంది. చివరి వాక్యం దాకా చూసుకోవాలి. ఇక ‘అదేం గెలుస్తుంది’లోని ‘అది’ సూటిగా తిట్టే.

వ్యాకరణం సరిగా ఉన్నా అర్థం దెబ్బతీసే మాటలున్నాయి. ‘తిరుగు’ చూడండి. ‘ఓట్ల కోసం ఊరూరా తిరిగాడు’ అంటే కష్టపడ్డాడని. అదే క్రియ స్త్రీకి వాడి, ‘ఓట్ల కోసం’ అన్నది మింగేసి ‘ఊళ్లన్నీ తిరుగుతోంది’ అంటే నడవడిక మీద మచ్చ. ‘తిరిగి ఆడది చెడింది, తిరగక మగాడు చెడ్డాడు’ అన్న సామెత ఆ వాక్యం వెనక నిలబడి ఉంటుంది. ‘ఇంటింటా ప్రచారం చేశారు’ అంటే ఆ సందు ఉండదు. ‘గయ్యాళి’కి వాడుకలో పురుషరూపమే లేదు, అంతే గట్టిగా మాట్లాడే మగవాడిని ‘వాగ్ధాటి గలవాడు’ అంటాం. ‘మేమేం గాజులు తొడుక్కుని కూర్చోలేదు’ అనే మాట మహిళా అభ్యర్థి పక్షాన మాట్లాడేవారి నోటా అలవాటుగా వస్తుంది. ఆమె చేతికీ గాజులున్నాయన్న సంగతి వాళ్లకు తట్టదు.

పదవుల పేర్లకు వస్తే, ‘-డు’తో ముగిసేవే మారతాయి: నాయకురాలు, అధ్యక్షురాలు. మంత్రి, సర్పంచ్, ఎమ్మెల్యే ఇద్దరికీ సమానం. ‘రాష్ట్రపతి’ కూడా అంతే. సభాపతి, సేనాపతి మాటల్లో లాగే ఇక్కడ ‘పతి’ అంటే అధిపతి, మొగుడు కాదు. 2022లో ద్రౌపది ముర్మును ఒక లోక్‌సభ సభ్యుడు ‘రాష్ట్రపత్ని’ అని, తర్వాత క్షమాపణ కోరుతూ ఆమెకు లేఖ రాయాల్సి వచ్చింది.

‘అభ్యర్థి’ని స్త్రీలింగం చేయాలని కొందరు ‘అభ్యర్థిని’ అని రాస్తున్నారు. సంస్కృతంలో ఒప్పే. తెలుగులో అది ద్వితీయా విభక్తితో కలిసిపోయి తికమక పెడుతుంది: ‘మా అభ్యర్థిని గెలిపించండి’ అంటే అభ్యర్థి ఆడో మగో తేలదు. ‘అభ్యర్థి’ చాలు. ముందు ‘మహిళా’ చేర్చడం కూడా ఆ విషయమే వార్త అయినప్పుడు తప్ప అవసరం లేదు. మహిళలకు కేటాయించిన స్థానమైతే అసలే అక్కర్లేదు. అక్కడ పోటీ చేసేవారందరూ మహిళలే.