ఎన్‌పీటీ, సీటీబీటీ గందరగోళం: ఇలా చదువు

తమ్ముడూ, మహబూబ్‌నగర్‌లో గ్రూప్-1కు చదువుతున్నానన్నావు. "శాంతి గురించి మాట్లాడే భారత్ అణు ఒప్పందాల మీద ఎందుకు సంతకం పెట్టదు?" అనేది నీ డౌటు. అన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లే ఈ టెన్షన్.

1963 నాటి పాక్షిక అణు పరీక్షల నిషేధ ఒప్పందంలో మనం ఉన్నాం. అది గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పేలుళ్లు వద్దంటుంది, అందరికీ ఒకటే రూలు. 1974లో మనం పేల్చింది భూమి లోపల, కాబట్టి దాన్ని మీరలేదు. 1968 ఎన్‌పీటీ (అణ్వాయుధాల వ్యాప్తి నిరోధక ఒప్పందం) అలా కాదు. 1967 జనవరి 1కి ముందు పేల్చిన ఐదుగురే అణు దేశాలు, మిగతావాళ్లు బాంబు జోలికి రావొద్దు. ఊరి చెరువులో ఐదిళ్లవాళ్లే చేపలు పట్టాలన్నట్టు! మన అభ్యంతరం ఈ వివక్ష మీదే. 1996 సీటీబీటీ (అన్ని అణు పరీక్షలనూ నిషేధించే ఒప్పందం)లో, ఉన్న బాంబులు తీసేయడానికి గడువు లేదని దానికీ దూరంగా ఉన్నాం.

1998 పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత ‘బాంబును ముందుగా వాడం’ అన్నాం, 2003లో దాన్ని అధికారిక విధానంగా ప్రకటించాం.

మెయిన్స్ జవాబును 1954లో అణు పరీక్షలు ఆపాలన్న నెహ్రూ పిలుపుతో మొదలుపెట్టు. మన నల్గొండ పెద్దగట్టు యురేనియం తవ్వకాల గొడవ మాత్రం ఇందులో కలపకు, అది పర్యావరణం ప్రశ్నకు దాచుకో.