మీ ఆయన ఒప్పుకోకపోయినా బరువు తగ్గే ఆపరేషన్ గురించి

నోరు కట్టుకుంటే తగ్గేదానికి కోత ఎందుకని మీ ఆయన అంటున్నారని, ఏం చేయాలో తోచడం లేదని రాశారు కదండీ. మా ఆయనా అదే మాట అన్నారు. చాలా బాధపడ్డాను, కానీ ఒక రాత్రి నిదానంగా అడిగితే అసలు సంగతి బయటపడింది, నాకేమైనా అయిపోతుందని ఆయనకు భయం. అందుకే ముందు వాదన మానేసి, దేనికి భయపడుతున్నారో అడగండి. తర్వాత సర్జన్ దగ్గరికి వెంట తీసుకెళ్లండి, ఆయన ప్రశ్నలు ఆయన్నే అడగనివ్వండి. స్లీవ్ అనే రకం ఆపరేషన్‌లో జీర్ణాశయంలో దాదాపు 80 శాతం తీసేస్తారు, అది మళ్లీ పెట్టేది కాదు, విటమిన్లు జీవితాంతం వేసుకోవాలి, ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోమంటారు. ఇవన్నీ ఇద్దరూ కలిసి వినాల్సినవే.

ఆపరేషన్ అయ్యాక మొదటి వారాల్లో సాయం తప్పనిసరి. గ్లాసు నీళ్లు ఒక్కో గుక్కా తాగుతూ గంటసేపు కూర్చునేదాన్ని, అప్పుడు పక్కన మనిషి ఉంటే ఆ ధైర్యమే వేరు. ఆయన రాకపోతే అక్కనో స్నేహితురాలినో ఇప్పుడే అడిగిపెట్టుకోండి. అన్నీ విన్నాక కూడా ఆయన వద్దంటే? ఒళ్లు మీది, షుగరూ మోకాళ్ల నొప్పీ భరిస్తున్నది మీరు, సంతకం కూడా మీదే. ఆయనకు చెప్పకుండా మాత్రం చేయించుకోకండి.