డయాలసిస్ ఖర్చుల లెక్కకు కూర్చునే ముందు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ థీసిస్ ప్రతిపాదన చదివాను. సెంటర్‌కు వెళ్లి చేయించుకునే హీమోడయాలసిస్ మేలా, ఇంట్లో కడుపు ద్వారా చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ మేలా అన్నది అడగాల్సిన ప్రశ్నే. అయితే మార్కోవ్ మోడల్‌కు (రోగులు ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి ఎలా మారతారో నెలనెలా లెక్కగట్టే పద్ధతి) నాలుగు పేజీలిచ్చి, ఖర్చులకు అరపేజీ ఇచ్చావు. దాన్ని తిరగెయ్యి. ఖర్చుకు తగ్గ ఫలితం ఉందా అని చూసే ఇలాంటి అధ్యయనాలు ఎక్కువగా తప్పేది ఖర్చుల దగ్గరే.

ముందు దేన్ని దేనితో పోలుస్తున్నావో తేల్చుకో. హీమోడయాలసిస్ వారానికి మూడుసార్లు, ఒక్కోటి నాలుగు గంటలు అన్నది ప్రమాణం. మన దగ్గర చాలామంది రెండుసార్లతోనే నెట్టుకొస్తారు. ఖర్చు రెండుసార్లకు వేసి, బతికే కాలాన్ని మూడుసార్లు చేయించుకున్నవాళ్ల అధ్యయనం నుంచి తెచ్చావంటే, లోకంలో లేని వైద్యానికి లెక్క కట్టినట్టే.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ పథకాలు ఆసుపత్రికిచ్చే ప్యాకేజీ రేటును ఖర్చుగా రాయొద్దు. అది ప్రభుత్వం చెల్లించే ధర. ప్రభుత్వం వైపు నుంచి మాత్రమే చూసే లెక్కకైతే సరిపోతుంది. సమాజం మొత్తం వైపు నుంచి చూస్తానన్నావు కాబట్టి ఆసుపత్రికి నిజంగా అయ్యేదెంతో కట్టాలి. రోగి కట్టిన ఫీజునూ, ఆ ఫీజుతోనే నడిచే ఆసుపత్రి ఖర్చునూ రెండూ కలిపితే ఒకే రూపాయిని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. ఎక్కువమంది జారేది ఇక్కడే.

మెషిన్ సంగతి ఇలా చూడు. ఉదాహరణకు ధర 7 లక్షలు, ఆయుష్షు 7 ఏళ్లు, డిస్కౌంట్ (ముందు ముందు వచ్చే రూపాయికి ఏటా తగ్గించే విలువ) 3 శాతం అనుకో. 7ను 7తో భాగించి ఏడాదికి లక్ష అనకూడదు. యాన్యుయిటీ ఫ్యాక్టర్ (ఏడేళ్లపాటు ఏటా ఒక్కో రూపాయి వస్తే దానికి ఈనాటి విలువ) 6.23తో భాగిస్తే ఏడాదికి దాదాపు 1,12,400 వస్తుంది. నెలకు 26 రోజులు, రోజుకు రెండు షిఫ్టులు నడిస్తే ఏడాదికి 624 సెషన్లు, ఒక్కోదానికి 180 రూపాయలు. మూడు షిఫ్టులైతే 120. అంటే షిఫ్టుల రిజిస్టర్ చూడకుండా ఈ అంకె రాయలేవు. ఆర్‌ఓ ప్లాంటులో శుద్ధి చేసిన నీళ్లనూ మరిచిపోకు: నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలకు 120 లీటర్ల డయాలిసేట్ (రక్తంలోని మలినాలను లాగే ద్రవం) కావాలి, ప్లాంటులో వృథాగా పోయేది దానికి అదనం. డయలైజర్‌ను (రక్తాన్ని వడకట్టే గొట్టాన్ని) ఎన్నిసార్లు మళ్లీ వాడుతున్నారో టెక్నీషియన్‌ను అడుగు. కాగితం మీద ఉన్న సంఖ్యా, ఆయన చెప్పేదీ ఒకటి కాకపోవచ్చు.

రోగి వైపు బస్సు చార్జీలు, తోడొచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి, రక్తం పెరగడానికిచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ బయట కొంటే ఆ బిల్లు. పెరిటోనియల్ వైపు రోజుకు నాలుగుసార్లు కడుపులోని ద్రవం మారిస్తే నెలకు 120 ద్రవం సంచులు. పెరిటోనైటిస్ (కడుపు లోపలి పొరకు ఇన్ఫెక్షన్) వచ్చి ఆసుపత్రిలో చేరడం, కాథెటర్ (కడుపులో పెట్టిన గొట్టం) తీసేసి హీమోడయాలసిస్‌కు మారిపోవడం కూడా మోడల్‌లో ఉండాలి. అవి లేకపోతే పెరిటోనియల్‌కు ఊరికే మార్కులు వేసినట్టే.

జీవన నాణ్యతకు ఈక్యూ-5డీ-5ఎల్ ప్రశ్నపత్రం వాడతానన్నావు, మంచిదే. సొంతంగా అనువాదం చేయకు, దాన్ని తయారుచేసిన యూరోక్వాల్ సంస్థ దగ్గర రిజిస్టర్ చేసుకుని వాళ్ల తెలుగు పత్రమే తీసుకో. ఆ జవాబులను ఒక్క అంకెగా మార్చే మన దేశపు విలువల పట్టిక 2022లో వచ్చింది, బ్రిటన్‌ది వాడాల్సిన పని లేదు. అందులో పూర్తి ఆరోగ్యం 1, మరణం 0, అట్టడుగు స్థితి విలువ మైనస్ 0.923, కాబట్టి ఎవరికైనా మైనస్ వస్తే పొరపాటనుకుని తీసేయకు. ఆ పత్రం అడిగేది ‘ఈ రోజు’ ఎలా ఉందని. సెషన్ అయ్యి నీరసంగా ఉన్నవాణ్ణి ఒకవైపు, మామూలు చెకప్‌కు వచ్చినవాణ్ణి ఇంకోవైపు అడిగితే తేడా వైద్యానిదో, అడిగిన వేళదో తెలియదు. ఎప్పుడు అడగాలో ముందే రాసిపెట్టుకో.

మోడల్ గురించి ఒక్క మాట. ఏడాదికి 20 శాతం మరణాలుంటే నెలకు 1.67 అని పన్నెండుతో భాగించకు. సరైనది 1.84 శాతం. 1.67 వేస్తే ఏడాది చివరికి 18.3 శాతమే చనిపోతారు. మిగతాది, అంటే అంకెల్లోని అనిశ్చితిని పరీక్షించడానికి ఖర్చులకు గామా, సంభావ్యతలకు బీటా పంపిణీలు, మోడల్‌ను కనీసం వెయ్యిసార్లు నడపడం, నీకు తెలిసిందే.

ఇక ఫలితం. హీమోకు 12 లక్షలు, 3.0 క్వాలీలు (పూర్తి ఆరోగ్యంతో బతికిన ఒక ఏడాది ఒక క్వాలీ), పెరిటోనియల్‌కు 13.5 లక్షలు, 3.5 క్వాలీలు వచ్చాయనుకుందాం. ఐసర్, అంటే అదనపు క్వాలీకి అయ్యే అదనపు ఖర్చు, 1.5 లక్షలు భాగించు 0.5, అంటే క్వాలీకి 3 లక్షలు. వైద్యాల ఖర్చునూ ఫలితాన్నీ బేరీజు వేయడానికి 2017లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ హెచ్‌టీఏ ఇన్ వాడే గీటురాయి తలసరి జీడీపీ, అది 2 లక్షల పైచిలుకు. గీత దాటింది కదా అని ‘లాభసాటి కాదు’ అని రాసి ఊరుకోకు. సంచి ధర ఎంతకు తగ్గితే గీత లోపలికి వస్తుందో వెనక్కి లెక్కగట్టు. టెండర్ పెట్టే అధికారికి పనికొచ్చేది ఆ అంకే. కిడ్నీ మార్పిడిని మూడో దారిగా చేరిస్తే మాత్రం, మూడింటినీ ఖర్చు వరుసలో పేర్చి, ఖర్చెక్కువై ఫలితం తక్కువైన దాన్ని కొట్టేసి, మిగిలినవాటిలో పక్కపక్కవాటినే పోల్చు.

మోడల్ తర్వాత చూద్దాం. ముందు ఖర్చుల షీటొక్కటే పంపు, ప్రతి అంకె పక్కన అది ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఏ ఏటి రూపాయో రాసి.